ఆటలో గెలిచిన పిల్లలు రాతలో ఎందుకు ఓడిపోతున్నారు?

నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరానికి తెలుగు చెబుతున్నారు. సంధులు, సమాసాలు అనగానే తరగతి నీరసించిపోతోందని కంప్యూటర్ ల్యాబులో క్విజ్ ఆట పెట్టారు. పిల్లలు కేరింతలు కొడుతూ ఆడి, దాదాపు అందరూ మంచి మార్కులు తెచ్చుకున్నారు. నెల తిరిగాక రాత పరీక్షలో ‘విద్యార్థి’ని విడదీయమంటే సగం మంది ‘విద్యా + అర్థి’ అనకుండా ‘విద్య + ఆర్థి’ అని రాశారు. ఆటలు ఒట్టి కాలక్షేపమేనా, మళ్లీ నల్లబల్ల దగ్గరికే పోవాలా అని అడిగారు.

నల్లబల్ల దగ్గరికి తిరిగి పోనక్కరలేదు. ఆటలు మానుకోనక్కరలేదు. మీరు ఆడించిన ఆటను మార్చాలి. చిత్తూరులో పదకొండేళ్లు, ఆ తరువాత తిరుపతిలో పదహారేళ్లు డిగ్రీ తరగతులకు తెలుగు చెప్పాను. మీకు ఎదురైన సమస్యే నాకూ ఎదురైంది. దాని మూలం దొరకడానికి నాకు చాలా కాలం పట్టింది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ క్విజ్‌లో ఏం జరిగిందో చూద్దాం. ‘మహేంద్రుడు’ ఏ సంధి అని అడిగి నాలుగు జవాబులు ఇస్తారు. త్వరగా నొక్కినవారికి ఎక్కువ మార్కులు పడతాయి. రెండు మూడు ప్రశ్నలు గడిచేసరికి పిల్లలు ఒక కిటుకు పట్టేస్తారు: మాట మధ్యలో ఏత్వం కనబడితే గుణసంధి, దీర్ఘం కనబడితే సవర్ణదీర్ఘం. ఆ కిటుకుతో పదిలో ఎనిమిదింటికి సరైన జవాబే వస్తుంది. వాళ్లకు ‘వాడేడి’ ఇచ్చి చూడండి. అదీ ఏత్వమే, కానీ అక్కడున్నది వాడు + ఏడి, ఉత్వసంధి. కిటుకు మీద ఆధారపడినవాళ్లు గుణసంధి మీద నొక్కుతారు. అంటే వాళ్లు నేర్చుకున్నది సంధిని కాదు, మన ప్రశ్నపత్రం తీరును. ఆట వాళ్లను వేగంగా నొక్కమంది, వాళ్లు నొక్కారు. తప్పు పిల్లలది కాదు.

అప్పటినుంచి ఏ ఆటనైనా తరగతికి తీసుకుపోయే ముందు నన్ను నేను ఒకటే అడుగుతాను: వ్యాకరణం తెలియని విద్యార్థి ఈ ఆటలో గెలవగలడా? గెలవగలిగితే ఆ ఆటను పక్కన పెడతాను. ఎంత రంగురంగుల తెర ఉన్నా, ఎంత సంగీతం వచ్చినా సరే. గెలవాలంటే వ్యాకరణం తప్ప వేరే దారి లేని ఆటలు కావాలి మనకు. అలాంటివాటిలో నాకు బాగా పనికొచ్చినవి చెబుతాను.

అన్నిటికంటే ముందు ఊరి పేరుతో మొదలుపెట్టండి. ల్యాబులో ఏదో ఒక స్ప్రెడ్‌షీట్ తెరిపించి, ఒక గడిలో ‘తిరుపతి’ అని టైపు చేయించండి. పక్క గడిలో అక్షరాలను లెక్కపెట్టే ‘లెన్’ (LEN) సూత్రం రాయించండి. ఎంత వస్తుందో ముందే కాగితం మీద రాసుకోమనండి. నాలుగు అని రాస్తారు. తెర మీద 7 వస్తుంది. తరగతి ఒక్కసారిగా మేలుకుంటుంది. అప్పుడు ఆ మాటను వర్ణాలుగా విడదీయించండి: త్, ఇ, ర్, ఉ, ప్, అ, త్, ఇ. ఎనిమిది. కంప్యూటర్ ఏడు అంటోంది, వ్యాకరణం ఎనిమిది అంటోంది. ఎనిమిదోది ఎక్కడికి పోయింది? పోయినది ‘ప’లో ఉన్న అకారం. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అన్ని లిపులకూ వాడే సంకేతాల పట్టికలో, గుడికి, కొమ్ముకు, ఏత్వానికి విడి సంకేతాలున్నాయి, తలకట్టుకు మాత్రం లేదు. హల్లు రాస్తే చాలు, అకారం అందులో ఉన్నట్టే లెక్క.

వెంటనే ‘చిత్తూరు’ టైపు చేయించండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వర్ణాలు చ్, ఇ, త్, త్, ఊ, ర్, ఉ: ఏడే. కంప్యూటర్ మాత్రం 8 చూపిస్తుంది. తకారం కింద తవత్తు రావడానికి మధ్యలో ఒక పొల్లు సంకేతం ఉంది, దాన్నీ అది లెక్కపెట్టింది. ‘శ్రీ’ ఒక్క అక్షరమే కదా అంటే 4 వస్తుంది, ‘స్త్రీ’కి 6. పదిహేను నిమిషాల్లో ‘క’ అంటే క్ + అ అన్న విషయం వాళ్ల చేతికి అందుతుంది. ఇది చిన్న విషయం కాదు. నా అనుభవంలో డిగ్రీకి వచ్చిన పిల్లల్లో చాలామందికి సంధి రాకపోవడానికి అసలు కారణం సూత్రం గుర్తులేకపోవడం కాదు. కంటికి కనబడే అక్షరం వేరు, దానిలో ఉన్న వర్ణాలు వేరు అన్న సంగతి ఎప్పుడూ మనసుకు పట్టకపోవడం. సంధి జరిగేది వర్ణాల మధ్య. అక్షరాలనే చూస్తున్నవాడికి ‘రాముడతడు’లో ఏది పోయిందో, ఏది మిగిలిందో ఎలా తెలుస్తుంది?

రోమన్ లిపిలో టైపు చేసి తెలుగు రాబట్టుకునే అలవాటున్న పిల్లలకు ఇంకో దారి ఉంది. ‘లేఖిని’లాంటి పరికరంలో ‘రాముడు అతడు’ టైపు చేయమనండి. ‘డు’ రావాలంటే చివర ‘యు’ (u) మీట నొక్కాలి. ఇప్పుడు ఆ ఒక్క అక్షరాన్ని, ఖాళీని చెరిపేయమనండి. అటు పొల్లు డకారం, ఇటు అకారం కలిసిపోయి ‘రాముడతడు’ దానంతట అదే నిలబడుతుంది. ఉకారం లోపించడమంటే ఏమిటో వేలితో చేసి చూసినవాళ్లు మరిచిపోరు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆటకు వస్తాను. పిల్లలు దానికి ‘సంధి యంత్రం’ అని పేరు పెట్టారు. కావలసింది నోట్‌ప్యాడ్, అందులో ‘వెతికి మార్చు’ సదుపాయం, అంతే. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి నిత్యమని, అంటే హ్రస్వ ఉకారం తరువాత అచ్చు వస్తే సంధి తప్పక జరుగుతుందని మనం చెబుతాం. దాన్ని కంప్యూటర్‌కు చెప్పండి అంటాను. కంప్యూటర్‌కు ‘ఉత్తు’ తెలియదు, ‘పరం’ తెలియదు. అది ఆనవాళ్లను మాత్రమే చూస్తుంది. కాబట్టి పిల్లలు రెండు నిలువు వరుసల పట్టిక తయారుచేయాలి: ఏది వెతకాలి, దాని స్థానంలో ఏది పెట్టాలి. కొమ్ము, ఖాళీ, ‘ఇ’ కనబడితే గుడి పెట్టాలి: ‘వాడు ఇక్కడ’ కాస్తా ‘వాడిక్కడ’ అవుతుంది. కొమ్ము, ఖాళీ, ‘ఎ’ కనబడితే ఎత్వం: ‘వాడు ఎవడు’ ‘వాడెవడు’ అవుతుంది. కొమ్ము, ఖాళీ, ‘అ’ కనబడితే? ఇక్కడ ఆగిపోతారు. ఏమీ పెట్టకూడదు, ఖాళీగా వదిలేయాలి. ఎందుకో ‘తిరుపతి’ పాఠం గుర్తున్నవాళ్లు చెప్పేస్తారు. ఋకారాన్ని వదిలేస్తే పట్టిక పన్నెండు వరుసలకు పూర్తవుతుంది. ఒంటి కొమ్మును టైపు చేయడం కొన్ని మీటల అమరికల్లో కష్టం కాబట్టి, ఆ గుర్తులన్నీ ఒక ఫైలులో ముందే పెట్టి ఇవ్వండి. కాపీ చేసుకుంటారు.

ఒక్కో జట్టు తమ పట్టికను నేను ఇచ్చిన పేరా మీద నడిపించాలి. పేరా అంతా చకచకా కలిసిపోతుంటే వాళ్ల ముఖాలు చూడాలి. తాము చెప్పిన సూత్రాన్ని యంత్రం వినడం వాళ్లకు కొత్త. ఆ పేరాలోనే నేను కొన్ని మాటలు దాచి ఉంచుతాను. ‘అణు ఆయుధం’ అని ఒకచోట ఉంటుంది. యంత్రం దాన్ని ‘అణాయుధం’ చేస్తుంది. ‘సు ఆగతం’ అని ఇంకోచోట. అది ‘సాగతం’ అవుతుంది. ‘గురు ఉపదేశం’ ‘గురుపదేశం’ అవుతుంది. తరగతిలో ఎవరో ఒకరు లేచి, “సార్, మన ఊరి తోరణం మీద స్వాగతం అని కదా ఉంటుంది” అంటారు. అదే నేను ఎదురుచూసే క్షణం. ఎందుకు స్వాగతం? ఎందుకు అణ్వాయుధం? ఎందుకు గురూపదేశం? ఇవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలు, వాటి మధ్య సంస్కృత సంధులే నడుస్తాయి: ఉకారం వకారమయ్యే యణాదేశం, సవర్ణదీర్ఘం. ‘వాడు’, ‘ఇక్కడ’ తెలుగు మాటలు, వాటి మధ్య తెలుగు సంధి. మాట ఎక్కడిదో తెలియకుండా సంధి చేయలేము. కంప్యూటర్‌కు అది తెలియదు, మనకు తెలియాలి. పాఠ్యపుస్తకంలో ‘సంస్కృత సంధులు’, ‘తెలుగు సంధులు’ అని రెండు శీర్షికలు ఎందుకున్నాయో నా పిల్లల్లో చాలామందికి ఆ రోజే మొదటిసారి అర్థమైంది. అంతకుముందు ఎన్ని తరగతుల్లో ఆ శీర్షికలు బల్ల మీద రాశానో.

ఆట అక్కడితో ఆగదు. ఉత్వసంధి యంత్రం చేసినవాళ్లను అత్వసంధికి యంత్రం చేయమనండి. చేయలేరు. వెతకడానికి అకారానికి గుర్తే లేదు. ప్రతి హల్లుకూ వేరే వరుస రాసుకోవాలి. కష్టపడి రాసినా మరో చిక్కు ఉంది: అత్తునకు (హ్రస్వ అకారానికి) సంధి బహుళం, అంటే ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుంది. ‘మేన అల్లుడు’ ‘మేనల్లుడు’ అవుతుంది. ‘అమ్మ ఇచ్చింది’ని ‘అమ్మిచ్చింది’ అనవచ్చు, ‘అమ్మ యిచ్చింది’ అని యడాగమంతోనూ అనవచ్చు. యంత్రం ఏది ఎంచుకోవాలి? నిత్యం, వైకల్పికం (జరిగినా జరగకపోయినా సరే), బహుళం అనే మాటలు బట్టీపట్టే నిర్వచనాలుగా కాక, తామే ఎదుర్కొన్న ఇబ్బందికి పేర్లుగా అప్పుడు కనబడతాయి. ఈ ఒక్క ఆటకు నేను మూడు పీరియడ్లు ఇస్తాను, తొందరపడను.

మన ఊరి గురించి ఒక మాట. మీరు తిరుపతిలో ఉండడం అదృష్టం, ఉదాహరణలకు వెతుక్కోనక్కరలేదు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఏడు కొండల పేర్లూ సవర్ణదీర్ఘసంధే. వీటిలో కొన్ని పేర్లు రైళ్లకూ ఉన్నాయి, స్టేషన్‌లో రోజూ వినబడతాయి. ‘సప్తగిరి’ ద్విగు సమాసం. ‘శ్రీకాళహస్తి’లో సాలెపురుగు, పాము, ఏనుగు మూడూ ఉన్న ద్వంద్వం. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరులోనే ఒక గుణసంధి, ఒక సవర్ణదీర్ఘం ఉన్నాయి. పుస్తకంలోని ఉదాహరణలు పుస్తకంలోనే ఉండిపోతాయి. బస్సు కిటికీలోంచి కనబడే ఉదాహరణ పిల్లవాడి వెంట ఇంటికి పోతుంది.

ఈ సవర్ణదీర్ఘం మీదే నా ఇంకో ఆట నడుస్తుంది. దానికి ‘నిషిద్ధసంధి’ అని పేరు. అవధానంలో నిషిద్ధాక్షరి మీకు తెలిసిందే: అవధాని పద్యం చెబుతుంటే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ, తరువాత ఏది రాబోతోందో ఊహించి, అది వాడవద్దంటాడు. వ్యాకరణంతో, ఛందస్సుతో ఆడే ఆట మనకు కొత్తగా కంప్యూటర్‌తో రాలేదు. మన సభల్లో పెద్దవాళ్లు టికెట్టు లేకుండా కూర్చుని చూసిన ఆట అది. దాన్నే డిగ్రీ పిల్లల స్థాయికి దించాను. ‘మా కళాశాలలో ఒక రోజు’ అని పది వాక్యాలు టైపు చేయాలి. నిబంధన: సవర్ణదీర్ఘసంధి ఉన్న మాట ఒక్కటీ రాకూడదు. పూర్తయ్యాక ఫైలు పక్క జట్టు చేతికి పోతుంది. వాళ్లు తప్పు పట్టుకుంటే, విడదీసి చూపిస్తే, వాళ్లకు పాయింటు. పట్టుకున్నది నిజంగా సవర్ణదీర్ఘం కాకపోతే పాయింటు పోతుంది.

మొదటి వాక్యంలోనే ఇరుక్కుంటారు. ‘విద్యార్థి’ అనకూడదు. ‘గ్రంథాలయం’ అనకూడదు. ‘కార్యాలయం’, ‘దేవాలయం’, ‘విశ్వవిద్యాలయం’ ఏవీ కుదరవు. కాసేపు గింజుకుంటారు. తరువాత ఒక్కొక్కరే దారి వెతుక్కోవడం మొదలుపెడతారు. ‘దేవాలయం’ బదులు ‘గుడి’. ‘గ్రంథాలయం’ బదులు ‘పుస్తకాల గది’. ‘విద్యార్థులు’ బదులు ‘చదువుకునే పిల్లలు’. ఒకసారి ఒక జట్టు ‘కార్యాలయం’ బదులు ‘ఆఫీసు’ అని రాసింది. ఎదుటి జట్టు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు మాట తెచ్చుకోవడం తొండాట అన్నారు. ‘ఆఫీసు’ తెలుగు మాట కాదా, మా అమ్మమ్మ కూడా అదే అంటుంది కదా అని వీళ్లు. పావుగంట వాదులాడుకున్నారు. నేను కల్పించుకోలేదు. తత్సమం (సంస్కృతంతో సమానంగా ఉన్నది), తద్భవం (దాని నుంచి మారి వచ్చినది), దేశ్యం (అచ్చ తెలుగుది), అన్యదేశ్యం (పరభాషది) అన్న నాలుగు మాటలు బల్ల మీద రాసి కూర్చున్నాను. వాదన ముగిసేసరికి ఆ నాలుగింటినీ వాళ్లే వాడుతున్నారు. సంధి నేర్పడానికి పెట్టిన ఆట పదజాలం పాఠంగా మారుతుందని నేను ముందు అనుకోలేదు. ఆ సాయంత్రం ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చి, ‘గుడి, బడి, కొండ, కోన, ఇన్ని మాటలు నా దగ్గర ఉన్నట్టు నాకే తెలియదు సార్’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మీ తరగతిలో నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లలో కొందరి ఇంట్లో తమిళం మాట్లాడతారు. వాళ్లను వ్యాకరణంలో వెనుకబడినవాళ్లుగా చూసే అలవాటు మన సిబ్బంది గదుల్లో ఉంది. అది అన్యాయం. ఒత్తక్షరాల దగ్గర వాళ్లు తడబడతారు, నిజమే. ‘అర్థం’, ‘అర్ధం’ ఒకేలా రాస్తారు. తమిళ లిపిలో మహాప్రాణాలకు అక్షరాలే లేవు మరి. కానీ సరళాదేశం దగ్గర వాళ్లే గురువులు. ద్రుతం (పదం చివరి నకారం) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుందని చెప్పి, ‘వచ్చెన్ + తమ్ముడు’ అని బల్ల మీద రాశాను ఒక రోజు. నగరి నుంచి వచ్చే అమ్మాయి చదివేటప్పుడే ‘వచ్చెన్ దమ్ముడు’ అంది. తరగతి నవ్వింది. నవ్వు ఆపించి, ఆ అమ్మాయి చేత తమిళంలో ‘తంబి’ ఎలా రాస్తారో బల్ల మీద రాయించాను. అక్కడ పకారానికి, బకారానికి ఒకటే అక్షరం. అనునాసికం పక్కన ఉంటే ‘బ’ అని పలుకుతారు. ‘అంగే’, ‘పంజు’ కూడా అంతే: క, చ అక్షరాలు రాస్తారు, గ, జ పలుకుతారు. సూత్రం చెప్పేదీ అదే కదా, నకారం పక్కన పరుషం మెత్తబడుతుందని. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి మొదటి బెంచీకి మారింది. జట్లు కట్టేటప్పుడు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలను, మాట్లాడని పిల్లలను కలిపి కూర్చోబెట్టండి. ఒకరి చెవి, ఒకరి కలం.

బయటి బోర్డుల మీద అక్షరదోషాల వేట కూడా చేయించాను. ఫోనుతో ఫొటో తీసుకురావాలి, దోషం చెప్పాలి, సరైన రూపం టైపు చేయాలి, కారణం రాయాలి. ‘ఉద్దేశ్యం’, ‘విధ్యార్థి’, ‘ప్రతిష్ట’ పుంఖానుపుంఖాలుగా వస్తాయి. ఇది చాలా బాగా నడుస్తుంది, కానీ ఒక జాగ్రత్త. మొదటి సంవత్సరం ఒక విద్యార్థి ఒక చిన్న దుకాణం బోర్డును పేరుతో సహా తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ఆ దుకాణదారు కళాశాలకు వచ్చి, ‘నేను చదువుకోలేదు సార్, రాసినవాడు రాసిందే పెట్టుకున్నాను’ అన్నారు. ఆయన ముందు నాకు తలెత్తుకోవడానికి లేకపోయింది. విద్యార్థిని వెంటబెట్టుకుని వెళ్లి క్షమాపణ చెప్పించాను. ఆ తరువాత నిబంధన మార్చాను: ఫొటోలో తప్పున్న మాట మాత్రమే ఉండాలి, పేరు, ఫోను నంబరు, ముఖం ఉండకూడదు. దినపత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు, మన కళాశాల నోటీసు బోర్డు మాత్రం యథాతథంగా తేవచ్చు. నోటీసు బోర్డు మీద మన చేతిరాతలోనే తప్పులు దొరికితే అది ఇంకా మంచి పాఠం.

తయారుగా దొరికే పరికరాల సంగతి అడిగారు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో తయారైన ‘హాట్ పొటాటోస్’ పాతదే అయినా ఉచితం, యూనికోడ్ తెలుగు తీసుకుంటుంది. అందులో చెల్లాచెదురైన పదాలను వాక్యంగా పేర్చే అభ్యాసం ఒకటి ఉంది. అది ఇంగ్లీషు వాక్యానికి సరిపోతుంది. తెలుగులో ‘అన్న తమ్ముడికి పుస్తకం ఇచ్చాడు’ అన్న వాక్యాన్ని, క్రియను చివర ఉంచి మిగిలిన మూడు మాటలనూ ఆరు విధాలుగా పేర్చవచ్చు, ఆరూ సరైనవే. మీరు ఒక్కటే జవాబుగా ఇస్తే సరిగా రాసిన పిల్లవాడికి తప్పు పడుతుంది, వాడికి పరికరం మీదా, వ్యాకరణం మీదా నమ్మకం పోతుంది. కాబట్టి ఆరూ నమోదు చేయండి. ఇంకా మంచిది, ఆటనే తిప్పేయండి: ఎన్ని రకాలుగా పేర్చినా అర్థం మారలేదు, ఎందుకని అడగండి. ఇప్పుడు ‘తమ్ముడికి’లో ‘కి’ తీసేసి మళ్లీ పేర్చమనండి. ‘అన్న తమ్ముడు పుస్తకం ఇచ్చాడు.’ ఎవరు ఎవరికి ఇచ్చారో తేలదు. విభక్తి చేసే పని అప్పుడు తెలుస్తుంది. తెలుగు గడినుడులకు కూడా ఇంగ్లీషు కోసం చేసిన పరికరాలతో జాగ్రత్త. నేను వాడి చూసిన ఒకటి ‘శ్రీ’కి నాలుగు గళ్లు ఇచ్చింది. గడినుడి స్ప్రెడ్‌షీట్‌లోనో, గళ్ల కాగితం మీదో మీరే గీసుకోండి.

ఛందస్సుకు కూడా స్ప్రెడ్‌షీట్ చక్కగా అమరుతుంది, ముఖ్యంగా బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలకు. గురువుకు 1, లఘువుకు 0 పెట్టమనండి. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయో వాళ్లే చెబుతారు, రెండు రెళ్ల రెళ్లు ఎనిమిది. ‘యమాతారాజభానసలగం’ను పది గళ్లలో ఒక్కో అక్షరంగా పరచి, మూడేసి గళ్ల కిటికీని ఒక్కో అడుగు జరుపుతూ పోతే ఎనిమిది గణాలూ వరుసగా వాటి పేరుతోనే బయటపడతాయి. ఆ మాటలోని నేర్పు చూసి కంప్యూటర్ పిల్లలు ఆశ్చర్యపోతారు.

కరెంటు పోయిన రోజు వైకుంఠపాళి ఆడించండి. నిచ్చెన అడుగున, పాము తల దగ్గర పదాల జతలు రాసి ఉంచాలి. సంధి చేసి, పేరు చెప్పి, కారణం చెబితేనే నిచ్చెన ఎక్కాలి. పాము నోట పడ్డవారు అక్కడి జతకు సంధి చెప్పగలిగితే కిందికి జారనక్కరలేదు. న్యాయనిర్ణేత మీరు కాదు, ఎదుటి జట్టు.

ఇక నిర్వహణ. కంప్యూటర్‌కు ఇద్దరిని కూర్చోబెట్టండి, అందరికీ సరిపడా కంప్యూటర్లు ఉన్నా సరే. ఒక్కరే ఉంటే మౌనంగా నొక్కుకుంటూ పోతారు. ఇద్దరుంటే, ‘కాదురా, ఇక్కడ ఉత్వం కాదు’ అని నోరు విప్పాలి. ఆ మాట బయటికి వచ్చినప్పుడే నేర్చుకోవడం జరుగుతోందని లెక్క. ల్యాబులో గోల ఎక్కువైందని పక్క శాఖవాళ్లు అంటే తలుపు వేసుకోండి, గోల మాత్రం ఆపించకండి. ల్యాబు కంప్యూటర్లలో డీటీపీకి వాడే పాత ఫాంట్లు ఉంటే వాటితో ఈ ఆటలేవీ నడవవు. యూనికోడ్ తెలుగు తప్పనిసరి. ముందురోజు వెళ్లి ప్రతి కంప్యూటర్‌లోనూ ‘క్ష’ టైపు చేసి చూసుకోండి.

యాభై నిమిషాల పీరియడ్‌లో ఆటకు పాతిక నిమిషాలకు మించి ఇవ్వకండి. చివరి పావుగంట తెరలు ఆర్పించి, నోటుబుక్కు తెరిపించాలి. ఈ రోజు ఏ మాట దగ్గర తప్పుపోయాను, ఎందుకు తప్పు, సరైనది ఏది అని మూడు వాక్యాలు చేత్తో రాయాలి. పిల్లలు దీన్ని ఇష్టపడరు, కానీ మీ తరగతిలో ఆట గాలికి పోవడానికి కారణం ఈ పావుగంట లేకపోవడమేనని నా గట్టి నమ్మకం. ఆటకు మార్కులు వేయకండి, మార్కులు వేస్తే మళ్లీ కిటుకులు మొదలవుతాయి. మార్కులు నోటుబుక్కుకు, పరీక్షలో కొత్త పేరా ఇచ్చి అందులోని సంధులను వెతకమన్నదానికి వేయండి.

ఈ మధ్య పిల్లలు ఫోనులో కృత్రిమ మేధను అడిగి జవాబు రాసుకొస్తున్నారు. నిషేధించకండి. అది ఇచ్చిన పది విగ్రహవాక్యాలు (సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యాలు) తెచ్చి, అందులో తప్పున్నవి పట్టుకోమనండి. అది తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెబుతుంది. పట్టుకోవాలంటే తమకు తెలిసి ఉండాలి.

వచ్చే వారం ‘తిరుపతి’ లెక్కతో మొదలుపెట్టి, రెండో పీరియడ్‌లో సంధి యంత్రానికి వెళ్లండి. యంత్రాన్ని పరీక్షించడానికి నేను పేరాలో దాచే జతలు ఇవి, మీరూ వాడుకోండి: వాడు ఏడి, రాముడు అతడు, ఇల్లు ఉంది, వాడు ఒకడు, అణు ఆయుధం, సు ఆగతం, గురు ఉపదేశం. ఒకచోట ‘వచ్చాడు’ తరువాత పూర్ణవిరామం పెట్టి, ‘అతడు’తో కొత్త వాక్యం మొదలుపెట్టండి. అక్కడ యంత్రం ఎందుకు కలపలేదో, మనం కూడా ఎందుకు కలపకూడదో అడగండి. మీ పిల్లలు ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.